సైలెన్సర్‌కి కట్టు కట్టకు, మార్చెయ్

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు కాపురముంటున్న పడవ ఇంజిన్ సైలెన్సర్ చిల్లు పడిందని పంపిన ఫొటోలు రాత్రి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. సైలెన్సర్ అడుగున వేలెడు పొడవున రేకు పొరలు పొరలుగా లేచిపోయింది, చుట్టూ నల్లటి మసి. మసి బయటికొస్తోందంటే పొగ కూడా వస్తున్నట్టే. "చలికాలం పోయేదాకా పేస్టు రాసి పట్టీ చుట్టేస్తే ఆగదా మావయ్యా" అని అడిగావు. ఆగదురా. ఆగినట్టు కనబడుతుంది, నా భయమంతా దానికే.

మీ అత్తయ్యా నేనూ మొదటి పడవలో ఉన్న రోజుల్లో ఇలాంటి చిల్లుకే రేకు ముక్క పెట్టి, పట్టీ చుట్టి, రెండు క్లిప్పులు బిగించాను. చప్పుడు తగ్గింది, సంతోషించాను. పది రోజుల తర్వాత ఓ సాయంత్రం బ్యాటరీల కోసం ఇంజిన్ వేసి, చలికి తలుపులన్నీ బిగించుకుని కూర్చున్నాం. గంటకల్లా అత్తయ్య తలనొప్పి అంది. కాసేపటికి వాంతి చేసుకుంది. మధ్యాహ్నం తిన్న చేపల కూర పడలేదేమో అనుకున్నాను. నాకూ కాళ్లు తేలిపోతున్నట్టు అనిపించాక గానీ తట్టలేదు. ఇంజిన్ ఆపేసి, ఆమెని చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాక్కొచ్చాను. అప్పుడు మా పడవలో విషవాయువుని పసిగట్టే అలారం లేదు. ఆ పూట మేం నిద్రపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఆ విషవాయువు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. పెట్రోలు ఇంజిన్ కంటే డీజిల్ ఇంజిన్ తక్కువ వదులుతుందన్న మాట నిజమే, కానీ మూసిన క్యాబిన్‌లో తక్కువ కూడా ఎక్కువే. మన గోదావరి లాకులు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఇక్కడ ఇంగ్లండు ఇరుకు కాలవల మీద లాకు వెడల్పు ఏడడుగులే, అందులో దూరే పడవ 6 అడుగుల 10 అంగుళాలు. ఆ ఇరుకులోనే ఇంజిను, దాని గోడకి ఆనుకునే మీ మంచం. పాప కూడా అక్కడే పడుకుంటోంది కదా. అందుకని రిపేరు కంటే ముందు రెండు పనులు చెయ్యి. సైలెన్సర్ మారేదాకా ఇంజిన్ వెయ్యకు. పడవ గట్టునే ఉంది కాబట్టి బ్యాటరీలని కరెంటు మీద చార్జ్ చేసుకో. రెండోది అలారం. మనుషులుండే గదులున్న పడవల్లో ఇది 2019 ఏప్రిల్ 1 నుంచి బోట్ సేఫ్టీ పరీక్షలో తప్పనిసరి. నీది పాతదైతే తేదీ చూసి మార్చు. కొనేటప్పుడు డబ్బా మీద ఈఎన్ 50291-2 అన్న ప్రమాణం నంబరు ఉందో లేదో చూడు, పడవలకీ క్యారవాన్లకీ పనికొచ్చేది అదే.

ఇక అసలు పని. అన్నిటికంటే ముందు ఆ పైపుకి చుట్టి ఉన్న గుడ్డ మీద చెయ్యి వెయ్యకు. నీ పడవ 1980లలో కట్టినది అన్నావు. ఫొటోలో కనబడే బూడిదరంగు తాడులాంటి చుట్టు ఆస్బెస్టాస్ కావచ్చు. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో, అంతకుముందు కట్టిన వాటిల్లో అది ఉండే అవకాశం చాలా ఉంది. చూసి చెప్పగలిగేది కాదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఆస్బెస్టాస్ అని తేలితే ఆ పని చేసేవాళ్లనే పిలిచి తీయించు. డబ్బు చూసుకోకు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

అది కాదని తేలితే విప్పడం మొదలుపెట్టు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. గ్యాస్ సిలిండరు దగ్గరే కట్టెయ్, బ్యాటరీ స్విచ్ తిప్పెయ్, బిల్జ్‌లో, అంటే పడవ అడుగున, ఉన్న నూనె నీళ్లు తోడెయ్. గ్రైండర్ జోలికి పోకు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, పడవ అడుక్కి చేరుతుంది. బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. అలాంటి చోట నిప్పురవ్వలు ఎందుకు? హ్యాక్సా చాలు, ఆలస్యమైనా పర్వాలేదు.

ముందు రోజు రాత్రే పైపుల చివరి మరలన్నిటికీ తుప్పు వదిలించే నూనె పట్టించు, పొద్దున్న మళ్లీ పట్టించు. అయినా సగం కదలవు. కుర్రవాళ్లు చేసే తప్పు ఇక్కడే ఉంటుంది. పెద్ద పైప్ రెంచ్ పెట్టి, దాని పిడికి ఇంకో గొట్టం తొడిగి బలమంతా వేస్తారు. సైలెన్సర్ కదలదు, అవతలి చివర పడవ గోడలో ఉన్న ఫిట్టింగ్ విరుగుతుంది. నీటిమట్టానికి పైనే అయినా అది పడవకి పడిన చిల్లే. మనుషులెక్కి వెనకభాగం దిగినప్పుడో, పక్కనుంచి ఇంకో పడవ అలలు లేపినప్పుడో నీళ్లు లోపలికొస్తాయి. ఆ చిల్లుకి సరిపోయే కొయ్య బిరడా ఒకటి చెక్కి పక్కన పెట్టుకున్నాకే పని మొదలుపెట్టు.

కదలని మర ఉంటే పైపుని ఫిట్టింగ్‌కి రెండంగుళాల ఇవతల కోసెయ్. మిగిలిన ముక్క లోపలి నుంచి హ్యాక్సా బ్లేడుతో నిలువుగా రెండు గాట్లు పెట్టు, వేలెడు దూరంలో. ఫిట్టింగ్ లోపలి మర తగిలేలోగా ఆపాలి. బ్లేడు గీరే చప్పుడు మారుతుంది, దాన్ని బట్టి తెలుస్తుంది. ఆ రెండు గాట్ల మధ్య ముక్కని సన్నటి ఉలితో లోపలికి మడిస్తే పైపు బిగువు వదిలి, చేత్తో తిప్పినా వచ్చేస్తుంది. నేను బోట్‌యార్డులో చేరిన కొత్తలో ఓ ముసలి ఫిట్టరు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పద్ధతి ఇది. ఇప్పటిదాకా నన్ను మోసం చేయలేదు.

కొనేటప్పుడు సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఒకటిన్నర అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మరల కొలత) పైపు మర మీద కొలిస్తే దాదాపు 48 మిల్లీమీటర్లు వస్తుంది, ఒకటిన్నర అంగుళమంటే 38 కదా అని కంగారు పడకు. ఆ పేరు పాతకాలపు లోపలి కొలతని బట్టి వచ్చింది. నీది 48 వస్తే ఒకటిన్నర, 60 దగ్గరికొస్తే రెండంగుళాలు. సైలెన్సర్ పొడవు చివర నుంచి చివరికి కొలుచుకో. స్టెయిన్‌లెస్ స్టీలుది దొరికితే ఖరీదైనా తీసుకో. ఇంజిన్ అదురుతుంది, పడవ గోడ అదరదు కాబట్టి రెండిటి మధ్య మెత్తటి బెలోస్ ముక్క ఉంటుంది, దాన్ని కూడా కొత్తదే వెయ్యి. మధ్యలో విప్పదీసుకునే యూనియన్ జాయింటు ఒకటి కూడా పెట్టించు, మళ్లీ విప్పాల్సి వస్తే కోతలుండవు.

బిగించేటప్పుడు మొదట పేస్టు లేకుండా అన్నీ ఒట్టిగా కలిపి చూసుకో. బెలోస్ మెలిపడకూడదు, సాగకూడదు. పైపు తిప్పుతుంటే అది కూడా తిరిగిందంటే కొన్ని నెలల్లోనే చిట్లుతుంది, అందుకని దాని మెడని ఇంకో రెంచ్‌తో పట్టుకుని బిగించాలి. సైలెన్సర్ బరువుకి వేరే పట్టీ పెట్టి పైనుంచి వేలాడదియ్యి, బెలోస్ మీద ఆ భారం పడనివ్వకు. పైపు బయటికి వాలుగా ఉండాలి. ఎక్కడైనా పల్లం తప్పకపోతే అక్కడ నీళ్లు వదిలే ప్లగ్గు పెట్టు. మరలకి ఎగ్జాస్ట్ పేస్టే వాడు. కుళాయిలకి చుట్టే తెల్లటేపు ఆ వేడికి నిలవదు.

గుడ్డ చుట్టకముందే పరీక్ష చెయ్యాలి. తలుపులు తెరిచి ఉంచి, ఇంజిన్ వేసిన మొదటి నిమిషంలో, పైపు ఇంకా చల్లగా ఉండగానే, సబ్బునీళ్లు కుంచెతో ప్రతి జాయింటుకీ రాయి. బుడగ లేచిందంటే లీకే. తర్వాత ఓ రెండు గంటలు పడవని నడిపిరా, చల్లారాక మళ్లీ బిగించు, ఆ తర్వాతే ల్యాగింగ్, అంటే వేడి ఆపే గుడ్డ, చుట్టు. చేతికి గ్లోవ్స్, ముక్కుకి మాస్కు ఉండాలి. ప్రతి చుట్టూ కిందిదాన్ని సగం కప్పాలి. మొదటిసారి వేడెక్కినప్పుడు గుడ్డ నుంచి పొగా వాసనా వస్తాయి, ఆ రోజు అమ్మాయినీ పాపనీ మా ఇంటికి పంపించు.

ఇంకొక్క సంగతి. నీ సైలెన్సర్ బయటినుంచి పాడవలేదు, లోపలినుంచి తుప్పు తినేసింది. డీజిల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. రోజూ గంటసేపు ఊరికే ఇంజిన్ తిప్పి ఆపేస్తుంటే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీళ్లై, మసితో కలిసి నిలిచిపోతుంది. ఎటూ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిదిదాకా ఇంజిన్లు వెయ్యకూడదన్న నియమం ఉంది కదా, పగలు కాసేపు వేసి సరిపెట్టుకుంటున్నావు. పైన రెండు సోలార్ ప్యానెళ్లు వేయించు. రెండు వారాలకోసారి బ్రాన్‌స్టన్ ఊరి దాకా వెళ్లి లాకులెక్కి రా, ఇంజిన్ మీద బరువు పడితే సైలెన్సర్ బాగా కాగి లోపలి తేమంతా ఎగిరిపోతుంది.

ల్యాబ్ వాళ్లు ఏమన్నదీ, పైపు కొలతా రాసి పంపు. నా పెద్ద రెంచ్, హ్యాక్సా తీసుకుని ఆ తర్వాత వచ్చే శనివారం పొద్దున్నే బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరతాను. బిరడా మాత్రం నేనొచ్చేసరికి చెక్కి ఉంచు.

ఇట్లు,
మావయ్య