సభలో చెప్పిన 3 లక్షలు: జకాత్ ఎంత, చందా ఎంత?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి వ్యాపారం, ఏడాదికి నికరంగా 9 లక్షలు మిగులుతుంది. ఇక్కడి ప్రైవేటు ఇస్లామిక్ పాఠశాల వార్షిక సభలో అందరి ముందూ 3 లక్షలు ఇస్తానన్నాను. గోడ మీద పేరు రాయిస్తామంటున్నారు, నాకేమో గుప్తదానమే ఇష్టం. ఏటా పేదలకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన జకాత్ ఇందులోనే కలపొచ్చా? పన్ను తగ్గుతుందా? దుబాయ్‌లో ఉన్న తమ్ముడూ లక్ష పంపుతానంటున్నాడు. నా దగ్గర సరుకు 12 లక్షలు, రావాల్సిన బాకీలు 3 లక్షలు, బ్యాంకులో 2 లక్షలు ఉన్నాయి. రైతులకు 5 లక్షలు ఇవ్వాలి.

జవాబు: బ్యాంకులో 2 లక్షలు, రైతుల బాకీ 5 లక్షలు. ఇప్పుడే 3 లక్షలు తీసిస్తే అది రైతుల సొమ్ముతో చేసిన దానమే అవుతుంది. బజారులో మీ మాట నిలబడేది ముందు రైతుకు సమయానికి డబ్బు అందినప్పుడే.

జకాత్ వేరుగా తేల్చండి. సరుకును ఇవాళ్టి అమ్మకం ధరకు కట్టి, వసూలయ్యే బాకీలు, నగదు కలపండి: 17 లక్షలు. రైతుల 5 లక్షలు తీసేస్తే 12 లక్షలు. జకాత్ తప్పనిసరయ్యే హద్దు 612.36 గ్రాముల వెండి విలువ. మీ మొత్తం దాన్ని ఎప్పుడో దాటింది కాబట్టి 2.5 శాతం, అంటే 30,000. దుకాణం, బండి లెక్కలోకి రావు. బంగారం సంగతి మీరు రాయలేదు. హనఫీ (సున్నీ ముస్లింల్లో ఒక ధర్మశాస్త్ర సంప్రదాయం) పద్ధతిలో నగలకూ జకాత్ ఉంది, మీ భార్య నగలైతే ఆ లెక్క ఆమెది. ఈ 30,000 పేద పిల్లల ఫీజులకే వెళ్లాలి. గోడలకు, జీతాలకు జకాత్ చెల్లదని హనఫీ ఉలమా (మత పండితులు) అంటారు. ఏ పిల్లల ఫీజు కట్టారో రసీదులు అడగండి.

మీరు చెప్పిన 3 లక్షల్లో మిగిలిన 2,70,000 చందా. నెలకు 10,000 చొప్పున 27 నెలల్లో ఇస్తానని కమిటీకి రాసివ్వండి. ఇలాంటి బడులకు గది కట్టడానికి డబ్బు దొరుకుతుంది, గదిలో పాఠం చెప్పేవారి జీతానికే దొరకదు. నెలనెలా వచ్చే చందా ఆ లోటు తీరుస్తుంది.

పన్ను కోసం ఆశపడకండి. ట్రస్టు పత్రంలో ఒక మతం వారి కోసమే అని ఉంటే 80జి (విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు) రావడం కష్టం. వచ్చినా పాత పన్ను విధానంలోనే పనికొస్తుంది: మీ ఆదాయంలో 10 శాతం, అంటే 90,000 వరకు, అందులోనూ సగానికే. 20 శాతం శ్లాబులో మిగిలేది సెస్సుతో కలిపి 9,360 రూపాయలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 9 లక్షలకు అసలు పన్నే లేదు.

గుప్తదానం చేయండి, కానీ గోడ మీద వద్దన్న పేరు రసీదు పుస్తకంలో మాత్రం ఉండాలి. పేరు, చిరునామా నమోదు కాని విరాళాలు మొత్తం చందాల్లో 5 శాతం లేదా లక్ష, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, ఆ పైమొత్తంపై బడి 30 శాతం పన్ను కట్టాలి. మతంతో పాటు సేవా పనులూ చేసే ట్రస్టులకు ఉన్న సడలింపు కూడా బడి కోసమని ప్రత్యేకంగా ఇచ్చిన సొమ్ముకు వర్తించదు.

ఇచ్చేముందు చారిటీ కమిషనర్ దగ్గరి నమోదు సంఖ్య, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, బడికి ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ అడగండి. ఖాతా ట్రస్టు పేరునే ఉండాలి. కార్యదర్శి ఫోన్‌పే నంబరుకు వేసిన చందాకు లెక్క దొరకదు. పుస్తకాలు చూపించని బడికి ఊళ్లో ఎంత మంచి పేరున్నా ఇవ్వొద్దు.

మీ తమ్ముడికి భారత పౌరసత్వమే ఉండి, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పరదేశీ మిత్రుల దగ్గర పోగుచేసి పంపితే మాత్రం అవుతుంది. అప్పుడు బడికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, డబ్బు ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి.