న్యాచాంగ్ వెళ్తున్న మా అమ్మాయికి

చి. సౌ. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మార్చిలో మీరిద్దరూ మీ అత్తగారిని వెంటబెట్టుకుని వియత్నాంలోని న్యాచాంగ్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి నెల ఎంచుకున్నారు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, సముద్రం కూడా మొరటుగా ఉంటుంది. మార్చికల్లా అన్నీ సద్దుమణుగుతాయి. వాళ్ల కొత్త సంవత్సరం టెట్ హడావిడి కూడా ముగిసి ఉంటుంది.

హోటల్లో ఎనిమిదింటికి లేచి, టిఫిను తిని, పదింటికి బీచికి వెళ్లే పద్ధతి మాత్రం పెట్టుకోవద్దు. ఊరివాళ్లు తెల్లవారుజామున ఐదింటికే సముద్రంలో ఉంటారు. తాతలు, మామ్మలు, ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు అంతా ఈదులాడి, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరతారు. తూర్పు తీరం కదా, సూర్యోదయం నీళ్లలోంచే చూడవచ్చు. ఎర్రజెండా ఎగురుతుంటే మాత్రం అల్లుడు ఎంత ఈతగాడైనా దిగనివ్వకు.

అలా స్నానాలు ముగించుకుని నేరుగా పో నగర్ గుడికి వెళ్లండి. కాయ్ నది ఒడ్డున చిన్న గుట్ట మీద, ఒకప్పుడు ఆ తీరాన్ని ఏలిన చంపా రాజులు కట్టించిన ఇటుక గోపురాలవి. 774లో సముద్రం మీంచి వచ్చినవాళ్లు పాత గుడిని తగలబెడితే, సత్యవర్మ అనే రాజు పదేళ్లకు మళ్లీ కట్టించాడు. ఇప్పుడున్న గోపురాలు ఆ తర్వాతి శతాబ్దాలవి. ముందుగా కప్పులేని మండపం వస్తుంది, ఎనిమిది పలకల ఇటుక స్తంభాలు మాత్రం నిలబడి ఉంటాయి. అక్కడ ఒక స్తంభానికి చెయ్యి ఆనించి చూడు. ఇటుకకూ ఇటుకకూ నడుమ సున్నం గీత కనిపించదు, ఎలా అతికించారో ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. పెద్ద గోపురం వాకిలి పైన నంది మీద పాదం మోపి నాట్యమాడే నాలుగు చేతుల మూర్తి ఉంటుంది. శివుడని కొందరు, మహిషాసురమర్దిని అని కొందరు అంటారు. లోపలి అమ్మవారికి పది చేతులు. చంపా రాజ్యపు చామ్ ప్రజల దేవతను వియత్నామీయులు తమ దేవతగా చేసుకుని ఆమెకు పట్టుబట్టలు కట్టి పూజిస్తారు. అగరుపొగకు లోపలి గోడలు నల్లబడిపోయాయి. అది మ్యూజియం కాదు, పూజ జరిగే గుడి. పొట్టి బట్టలతో వెళ్తే పైన వేసుకోవడానికి అంగీ ఇస్తారు, చెప్పులు బయటే విడవాలి. మీ అత్తగారు చీరలో వెళ్తే ఆ ఇబ్బందే లేదు, దండం పెట్టుకోవడానికీ ఎవరూ అడ్డురారు.

ఆ ఊరి దగ్గర వో కాన్ అనే పల్లెలో దొరికిన సంస్కృత శాసనం ఆగ్నేయాసియాలో చాలా పాతవాటిలో ఒకటి. దాని లిపిని మన నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనాలతో పోల్చిన పండితులున్నారు. అసలు రాయి హనోయి మ్యూజియంలో ఉంది కాబట్టి న్యాచాంగ్‌లో వెతుక్కోవద్దు.

మధ్యాహ్నం ఎండకు బీచి పక్కనే ఉన్న పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని యెర్సిన్ మ్యూజియంలోకి దూరండి. తెరిచే వేళలు ముందే కనుక్కో, నడుమ విరామం ఇస్తారు. 1894లో హాంగ్‌కాంగ్‌లో ప్లేగు సూక్ష్మక్రిమిని కనిపెట్టిన అలెగ్జాండర్ యెర్సిన్, పేరు రాగానే పారిస్‌లో స్థిరపడకుండా ఈ జాలరి ఊళ్లో ఉండిపోయాడు. 1897లో ప్లేగు మందు పట్టుకుని బొంబాయికి కూడా వచ్చాడు. 1943లో ఇక్కడే పోయాడు. చిన్న ప్రదర్శనే అయినా, నన్నడిగితే కేబుల్ కారెక్కి వెళ్లే ఆ వినోదాల దీవి కంటే ఇదే నయం. పిల్లలు లేకుండా ఆ దీవికి వెళ్లడం డబ్బు దండగ.

పడవ మీద హోన్ మున్ దీవికి వెళ్తే పగడాల మీద కాలు మోపవద్దని అల్లుడికి గట్టిగా చెప్పు. అవి బాగా దెబ్బతిన్నాయని 2022లో అక్కడ ఈత, డైవింగు కొంతకాలం ఆపేశారు. జాలర్లు వాడే గుండ్రటి వెదురు పడవలు కనిపిస్తాయి, అచ్చం మన కృష్ణలో తిరిగే పుట్టిలాగే. ఎక్కి చూడు, సరదాగా ఉంటుంది.

బురద స్నానాలకు మీ అత్తగారు ఉబలాటపడతారు. మోకాళ్ల నొప్పులు పోతాయని చెప్తారు గాని నేను హామీ ఇవ్వను, హాయిగా మాత్రం ఉంటుంది. నల్లపూసలు గదిలో తీసిపెట్టి వెళ్లండి, సందుల్లోకి బురద చేరితే వదలదు.

ఆవిడ భోజనమే కాస్త పని. కూరగాయలే వేశామంటారు, అందులో పులియబెట్టిన చేపల ఊట పోస్తారు. 'అన్ చాయ్' అంటే శాకాహారం తింటానని. ఆ మాట ఫోనులో వాళ్ల లిపిలో రాసుకుని చూపించు. బౌద్ధుల శాకాహార భోజనశాలలు ఊళ్లో ఉన్నాయి. పౌర్ణమికీ, వాళ్ల చాంద్రమాన నెల మొదటి రోజుకీ చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో అవి కిటకిటలాడతాయి.

డబ్బు విషయం. ఇరవై వేల డాంగుల నోటూ, ఐదు లక్షల నోటూ రెండూ నీలం రంగు ప్లాస్టిక్కే. చీకట్లో టాక్సీ దిగేటప్పుడు తేడా తెలియదు. పెద్ద నోట్లన్నీ వేరే సంచిలో పెట్టి మీ అత్తగారి చేతికివ్వు. వదినగారి దగ్గర్నుంచి పొరపాటున ఒక్కటి కూడా బయటికి రాదు.

మీ
పెద్దమ్మ