టీవీ నటి అయిన మా పెద్దమ్మ ఇల్లు గిఫ్ట్ డీడ్‌లో పోయింది, తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతి. మా పెద్దమ్మ ఒకప్పుడు టీవీ సీరియళ్లలో అమ్మ, అత్త వేషాలు వేసింది. పెళ్లి చేసుకోలేదు. వేషాలు తగ్గాక హైదరాబాద్ వదిలి వచ్చి, దాచుకున్న డబ్బుతో బైరాగిపట్టెడలో మేడ ఇల్లు కొనుక్కుంది. ఇప్పుడు ఆమెకు 67 ఏళ్లు. 2021లో మా మేనమామ కొడుకు (మామ అప్పటికే లేడు) "నిన్ను నేను చూసుకుంటా అత్తా" అని నమ్మించి ఇల్లు గిఫ్ట్ డీడ్ రాయించుకున్నాడు. వాడు బెంగళూరులో ఉంటాడు. కింది వాటాల అద్దె వాడే తీసుకుంటున్నాడు, పెద్దమ్మ పై గదిలో ఉంటోంది, షుగర్ మందులకు కూడా మా అమ్మను అడుగుతోంది. పోయిన నెల ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లను తెచ్చి ఆమె ఏడుస్తుంటే వీడియో తీయించాడు. మధ్యలో పాత సీరియల్ ఏడుపు సీన్ అతికించి, సాయం చేయండి అని కింద తన ఫోన్ నంబర్ పెట్టాడు. అడిగితే "ఆమెకు మతి చెడింది" అంటున్నాడు. మేం కేసు వేస్తే ఇల్లు వెనక్కి వస్తుందా? ఆమె సీరియళ్లు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి, వాటి మీద ఏమైనా డబ్బు వస్తుందా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ముందు "మేం కేసు వేస్తే" అనే ఆలోచన పక్కన పెట్టండి. ఇల్లు ఆమెది, సంతకం ఆమెది, కాబట్టి పిటిషన్ కూడా ఆమెదే కావాలి. ఆమె తిరగలేని స్థితిలో ఉంటే తన తరఫున వేయమని మీకు రాసివ్వవచ్చు, చట్టం దానికి ఒప్పుకుంటుంది. అంతేగానీ ఆమెకు ఇష్టం లేకుండా మీరు నడిపితే, అవతలివాళ్లు మొదటి రోజే "ఆస్తి కోసం చెల్లెలి పిల్లలు ఆడిస్తున్నారు" అంటారు, ఆ మాట అధికారి చెవిన పడితే పోగొట్టడం కష్టం. ఒకసారి ఆమెతో విడిగా కూర్చుని, ఇల్లు కావాలా, నెలనెలా ఖర్చులు కావాలా, ఆ వీడియో పోతే చాలా అని అడగండి. ఆమె ఏం చెబితే అదే మన కేసు.

రెండోది ఇంకా ముఖ్యం. వాడు మతి చెడిందంటున్నాడు కదా అని మీరు కూడా "సంతకం పెట్టినప్పుడు ఆమె మనసు బాగాలేదు, అందుకే ఆ డీడ్ చెల్లదు" అనే దారి పట్టొద్దు. కొందరు వకీళ్లు కూడా తొందరపడి ఇదే రాస్తారు. అప్పుడు బాగాలేకపోతే ఇప్పుడు ఈ పిటిషన్ మీద సంతకం ఎలా చెల్లుతుందని అవతలివాళ్లు అడుగుతారు, మన మాట మన మెడకే చుట్టుకుంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స తీసుకున్నవాళ్లకు కూడా తమ వైద్యం గురించి తాము నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదలుపెట్టాలి. ఎవరో బంధువు నోటిమాటగా అన్నంత మాత్రాన ఒక మనిషి పిచ్చిది అయిపోదు. ఆమె తెలివిగానే సంతకం పెట్టింది, చూసుకుంటానన్న మాట నమ్మి పెట్టింది, ఆ మాట వాడు తప్పాడు. మన వాదన ఇంతే.

ఈ వాదనకు సరిపోయే చట్టం 2007లో వచ్చిన తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం. 60 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా దీని కిందకి వస్తారు. పిల్లలు లేనివాళ్లకు దిక్కు లేదని చాలామంది అనుకుంటారు గానీ, ఆస్తి చేతిలో ఉన్న లేదా తర్వాత ఆస్తి దక్కే వారసుడు కూడా పోషించాల్సిందే. పెళ్లికాని స్త్రీకి తల్లిదండ్రులు లేకపోతే తోబుట్టువులు, చనిపోయిన తోబుట్టువు పిల్లలు వారసులవుతారు కాబట్టి మీ మేనమామ కొడుకు ఇందులో తప్పించుకోలేడు. ఒక్క సంగతి మీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి: ఇదే లెక్కన మీ అమ్మగారు కూడా వారసురాలే, స్తోమత ఉంటే పోషణ ఖర్చులో ఆమె వంతు కూడా ఇవ్వమని అడగవచ్చు. రేపు విచారణలో ఈ మాట వచ్చినప్పుడు మీరు బిత్తరపోకూడదు.

ఇంటి విషయానికి వద్దాం. ఈ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇస్తే, తీసుకున్నవాడు చూడకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్క, ఇచ్చినవాళ్లు కోరితే ట్రిబ్యునల్ (ఈ చట్టం కింద ఇలాంటి పిటిషన్లు విని తేల్చే అధికారి) దాన్ని రద్దు చేయవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ప్రతి వాక్యం చదవండి. మామూలుగా ఇలాంటి పత్రాల్లో "మీ మీద గల ప్రేమాభిమానాల చేత" అని రాసి, "నేటి నుండి సర్వహక్కులు మీవే" అని ముగించేస్తారు. మధ్యలో ఎక్కడైనా "నా జీవితాంతం పోషించవలెను" అనిగానీ, ఆమె బతికున్నంత కాలం ఉండే హక్కు గానీ ఉంటే సగం గెలిచినట్టే.

లేకపోయినా ఆశ వదలొద్దు. 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు కనీసం పిటిషన్‌లో కూడా రాయలేదని చెప్పి, పిల్లలకు ఆస్తి రాసిచ్చిన ఒక తల్లికి ఊరట ఇవ్వలేదు. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు విడిగా రాసిచ్చిన పోషణ హామీ పత్రాన్ని కూడా కలిపి చదివి, ఇది పెద్దవాళ్ల మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని చెప్పి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది, ట్రిబ్యునల్ స్వాధీనం కూడా ఇప్పించగలదని తేల్చింది. అందుకే 2021 నాటి వాట్సాప్ మెసేజులు, వాయిస్ నోట్లు ఉన్నాయేమో పెద్దమ్మ పాత ఫోన్‌లో వెతకండి. "చూసుకుంటా అత్తా" అన్న ఒక్క వాయిస్ నోట్ దొరికినా చాలా విలువ. ఫోన్ ఫార్మాట్ చేయొద్దు, అమ్మొద్దు. షరతు మీదే ఇల్లు ఇచ్చానని పిటిషన్‌లో విడమరిచి రాయడం మరవొద్దు. ఈసీ (ఇంటి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించండి, వాడు ఈలోపు ఇల్లు తాకట్టు పెట్టాడో అమ్మాడో తెలుస్తుంది.

సివిల్ కోర్టుకు వెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు, కానీ పత్రం రద్దు దావాకు సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ల గడువు. 2021 పత్రం కాబట్టి ముందు ఆ గడువు మీదే కొట్లాట మొదలవుతుంది. 67 ఏళ్ల మనిషిని అక్కడికి ముందే ఎందుకు తిప్పాలి? ట్రిబ్యునల్ అంటే ఇక్కడి ఆర్డీవో ఆఫీసే. పత్రంలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది, అది చూసి చిత్తూరు పరుగెత్తకండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడింది. ఆమె ఉండే చోటే పిటిషన్ వేయవచ్చు, వాడు బెంగళూరులో ఉన్నా నోటీసు వెళ్తుంది. ఇక్కడ వకీలు వాదించే పని లేదు, చట్టమే వద్దంది. రాసుకోవడానికి సాయం కావాలంటే 15100కు ఫోన్ చేయండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. భరణం అర్జీ నోటీసు అందిన 90 రోజుల్లో తేలాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. విచారణ నడుస్తుండగానే తాత్కాలిక భరణం అడగండి, మందుల బిల్లులు జత చేయండి. భరణం నెలకు 10,000 రూపాయలు దాటదు. ఆర్డర్ నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు చేయవచ్చు.

ఇక ఆ వీడియో. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు ఇల్లు కన్నా ఇదే ఎక్కువ కడుపు మండించింది. ఒకప్పుడు తెర మీద కనిపించినంత మాత్రాన ఆమె గది, ఆమె జబ్బు, ఆమె ఏడుపు జనం సొత్తు అయిపోవు. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో, 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత మనిషి హక్కని స్పష్టంగా చెప్పింది. ముందు వీడియో లింకు, తేదీ, ఆ ఫోన్ నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఫిర్యాదు చేయగానే వాళ్లు నంబర్ మార్చేస్తారు. తర్వాత ఆమె పేరుతోనే, ఇది నాకు ఇష్టం లేదు, తీసేయండి అని ఛానెల్‌కు, యూట్యూబ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. ఆమె పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు ఆమెకు చేరకపోతే అది వట్టి కుటుంబ గొడవ కాదు, ఐపీసీ బదులు వచ్చిన కొత్త న్యాయ సంహితలో 318వ సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. డబ్బు పంపినవాళ్లు ఎవరైనా దొరికి వాళ్లూ ఫిర్యాదు చేస్తే ఇంకా బలం.

పాత సీరియళ్ల డబ్బు గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, నటీనటుల ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ హక్కు ఉంటుందని చేర్చారు. కానీ ఆమె పని చేసింది అంతకు ముందు కదా, రోజుకింత అని డబ్బు ఇచ్చి సంతకం తీసుకునే రోజులు. పెద్ద సంస్థలతో ఆ పోరాటం ఇప్పుడు మొదలుపెడితే ఆమె డబ్బూ ఓపికా దానికే అయిపోతాయి. అయితే ఆ సవరణలోనే, తన నటనను పేరు చెడేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు కూడా ఉంది. సీరియల్‌లో పాత్ర ఏడ్చిన సీన్‌ని ఆమె సొంత బతుకులా అతికించారు కాబట్టి ఛానెల్‌కు రాసే నోటీసులో ఆ పాయింట్ తప్పకుండా పెట్టండి. ఇంటి సంగతి ఒక దారికి వచ్చాక, ఆమె పెట్టెలో పాత అగ్రిమెంట్లు గానీ పేమెంట్ వోచర్లు గానీ ఉంటే కాపీలు పంపండి, చూసి చెబుతాను.