వేర్లు కుళ్లుతుంటే మందు కాదు, ముందు నీళ్ల వేడి చూడండి

మీరు గదిలో ఎల్ఈడీ లైట్ల కింద, మట్టి లేకుండా నీళ్లలో ఆకుకూరలు పెంచుతున్నారు. వేర్లు గోధుమ రంగుకు తిరిగి జిగటగా అవుతున్నాయి. ఏ మందు వేయాలని అడిగారు. నేను హన్మకొండలో 2022 నుంచి ఇదే పని చేస్తున్నాను. మధ్యాహ్నం మూడు గంటలకు ట్యాంకు మూత తీసి మోచేతి దాకా చెయ్యి ముంచండి. చల్లగా తగలలేదంటే మీ జబ్బు అక్కడే ఉంది. మందు సంగతి ఆ తర్వాత.

నాకు ఈ సంగతి తెలిసింది 2023 మే నెలలో. మాది పై అంతస్తులో ఒక చిన్న గది. మూడు వరసల పైపులు, అరవై రంధ్రాలు, కింద 80 లీటర్ల డ్రమ్ము, అందులో నీళ్లను పైపుల్లో తిప్పే మోటారు. లెట్యూస్, పాలకూర వేశాను. చివరి రెండు రంధ్రాల్లో పుదీనా. మార్చి నెలాఖరు దాకా చూడముచ్చటగా ఉంది. చుట్టాలు వస్తే ముందు ఆ గదికే తీసుకెళ్లేదాన్ని. మేలో వరంగల్ ఎండ ఎట్లుంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. 43, 44 డిగ్రీలు మామూలే, రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది.

ఒక రోజు పరకాలలో పెళ్లికి పోయి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాను. గది తలుపు తీస్తే మొక్కలన్నీ వాలిపోయి ఉన్నాయి. నీళ్లు అయిపోయాయేమో అనుకున్నాను, చూస్తే డ్రమ్ము నిండా ఉన్నాయి. మోటారు తిరుగుతోంది. ఇంకేముంది, పోషకాలు తక్కువయ్యాయని రెండు సీసాల్లో వచ్చే పోషక ద్రావణం ఇంకాస్త పోశాను. తెల్లారి ఇంకా వాలాయి. మూడో రోజుకు కింది ఆకులు పసుపు తిరిగాయి.

అప్పుడు గాని మొక్కను పట్టి ఉంచే జాలి బుట్ట ఒకటి పైకి లాగి వేరు చూడాలని తోచలేదు. వాసన ముందు తగిలింది, ఎండాకాలం అడుగంటిన కుంటలో బురద కదిపితే వచ్చే వాసన. మార్చిలో తెల్లగా, సేమియాలా విడివిడిగా ఉన్న వేర్లు ఒక్క ముద్దగా అతుక్కుపోయాయి. రెండు వేళ్ల మధ్య ఒక వేరు పట్టి మెల్లగా లాగితే పైతొక్క జారి నా చేతిలోకి వచ్చింది, లోపల సన్నని దారం ఒక్కటే మిగిలింది. వేరుకుళ్లుకు ఇది పక్కా గుర్తు. వేరు రంగు ఒక్కటే చూసి భయపడకండి. కొన్ని పోషక ద్రావణాలకు వేర్లు లేత గోధుమ రంగు పడతాయి, అయినా గట్టిగానే ఉంటాయి, వాసన ఉండదు. తొక్క ఊడితే మాత్రం ఇక అనుమానం పెట్టుకోవద్దు.

ఆ సాయంత్రమే బాపు (నాన్న) ఊరి నుంచి మామిడికాయలు పట్టుకొని వచ్చాడు. మాది నర్సంపేట దిక్కు. బాపు నలభై ఏండ్లుగా మిరప పెడుతున్నాడు. గదిలోకి వచ్చి, మొక్కల దిక్కు చూడకుండా నేరుగా డ్రమ్ములో చెయ్యి పెట్టాడు.

"ఏంది బిడ్డా, తానానికి కాగబెట్టినట్టున్నయ్ నీళ్లు!"

"నీళ్లు నిండుగనే ఉన్నయి గదా బాపూ, మరెందుకు వాలుతున్నయి?"

"గిదేమన్న వరా, నీళ్లల్ల నిలవడి బతుకుతందుకు? మిరపచేన్ల రెండు దినాలు నీళ్లాగితే ఏమైతదో సూడలేదా నువ్వు?"

చూశాను. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. వాన పడి చేనులో నీళ్లు ఆగితే మూడో రోజుకు మిరప వాలిపోతుంది, కాళ్ల కింద నీళ్లుండగానే. అందుకే మిరపను బోదెల మీద పెడతారు, నీళ్లు కాలువలో పోవాలని, వేరు దగ్గర గాలి ఆడాలని. వరి సంగతి వేరు. దాని కాండంలో, వేరులో గాలి గొట్టాలు ఉంటాయి, ఆకు పీల్చిన గాలి వేరు దాకా దిగుతుంది. పాలకూరకు, లెట్యూస్‌కు ఆ ఏర్పాటు లేదు. నీళ్లలో కలిసిన ప్రాణవాయువే వాటికి దిక్కు.

ఆ ప్రాణవాయువు నీళ్లు వేడెక్కే కొద్దీ తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పడుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నర, 35కు ఏడు. తేడా తక్కువే అనిపిస్తుంది గానీ, అదే వేడికి వేరు ఊపిరి వేగం కూడా పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు గాలి అడుగుతుంది. దొరికేది తక్కువ, కావాల్సింది ఎక్కువ. ఊపిరాడని వేరు నీళ్లను పైకి లాగలేదు, అందుకే మొక్క నీళ్లలో ఉండి కూడా దాహంతో చస్తుంది. అట్లాంటప్పుడు నేను పోసిన ఎరువు దానికి ఉప్పునీళ్లు తాగించినట్టయింది. నాలుగు రోజుల ముందే చెయ్యి పెట్టి చూసి ఉంటే సగం మొక్కలు దక్కేవి, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరునాడు చేపల తొట్లు అమ్మే షాపులో థర్మామీటరు కొని ముంచితే 34 చూపించింది. నీళ్లలో ముంచే మోటారు కూడా వేడి పుట్టిస్తుందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

నీరసించిన వేరు మీద పడేది పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి. మిరప నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయే, ఆ నారుకుళ్లు తెచ్చే జాతే ఇది. దీని బీజాలకు తోకలుంటాయి, నీళ్లలో ఈదుకుంటూ వేరును వెతుక్కుంటాయి. మట్టిలో అయితే ఒక మడితో ఆగవచ్చు. అరవై మొక్కలు ఒకే నీళ్లు తాగే చోట ఒక మొక్కకు వచ్చిందంటే అందరికీ వచ్చినట్టే. నా గదికి ఇది పుదీనాతో వచ్చిందని నా గట్టి నమ్మకం. మార్కెట్లో కొన్న కట్టలో వేర్లున్న నాలుగు కాడలు కనిపిస్తే మట్టి కడిగి నేరుగా పైపులో పెట్టాను. కుళ్లు ఎక్కువగా ఉన్నది ఆ చివరనే. మట్టిలో పెరిగిన మొక్కను ఎంత కడిగినా సరే, నీళ్ల వ్యవస్థలో పెట్టకండి. పుదీనా కావాలంటే వేర్లు లేని కొమ్మను తుంచి, విడిగా గ్లాసు నీళ్లలో వేర్లు రప్పించి పెట్టండి.

బాపు తనకు అలవాటైన మందు చెప్పాడు. నారుమడికి పోసే రాగి మందు, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు. నారుమడికి అది సరైనదే. ట్యాంకులో మాత్రం వేయొద్దు. మట్టి రాగిని కొంత పట్టి ఉంచుతుంది, ఒట్టి నీళ్లలో అదంతా వేరుకే తగిలి కాలుస్తుంది. పైగా లెట్యూస్ పచ్చిగా తినేది. బాపుతో అరగంట వాదించి ఒప్పించాను.

నేను చేసింది చెప్తాను. తొక్క ఊడిన మొక్కలు నలభై దాకా ఉంటే అన్నీ పీకేశాను. మీరు కూడా మొహమాటపడకుండా పీకేయండి, ఒక్కటి ఉంచినా మళ్లీ మొదలవుతుంది. మిగిలిన వాటి వేర్లలో మెత్తబడినవి కత్తిరించాను. నీళ్లన్నీ పారబోసి, పైపులు విప్పి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తోమి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, రోజంతా డాబా మీద ఎండబెట్టాను. తర్వాత కొత్త నీళ్లు, మామూలుగా పోసే ఎరువులో సగం. వేడిలో మొక్క నీళ్లు ఎక్కువ తాగి ఉప్పులను వదిలేస్తుంది, కాబట్టి ఎండాకాలం ద్రావణం పలుచగానే ఉండాలి.

మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటర్ల లెక్కన రెండుసార్లు వేశాను. నీళ్లలో తేలే బీజాలను అది కొంత చంపుతుంది, ఆపైన విరిగి నీళ్లు, ప్రాణవాయువు అయిపోతుంది. ఒకటి రెండు రోజులకు మించి పని చేయదు. దాంతో పాటు ట్రైకోడెర్మా (కుళ్లును అడ్డుకునే మేలు బూజు) కూడా వేయమని ఎవరైనా చెప్తే వినకండి, పెరాక్సైడ్ ఆ బూజును చంపుతుంది. ఎరువుల షాపులో నాకు వేరు పెంచే మందని చిన్న సీసా 900 రూపాయలకు అంటగట్టారు. వేడి నీళ్లలో ఏ సీసా పోసినా డబ్బు దండగే.

అసలు కాపాడింది గోనెసంచి. డ్రమ్మును గదిలోంచి తీసి ఉత్తరం వైపు మెట్ల కింద నీడలో పెట్టాను. చుట్టూ గోనెసంచి చుట్టి, పొద్దున, మధ్యాహ్నం తడిపాను, రంజన్ కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. మన వేసవి గాలి పొడి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలం ఉక్కపోతలో పనిచేయదు. 34 ఉన్నది 29కి దిగింది. రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి మధ్యాహ్నం ఒకటి, మూడింటికి ఒకటి డ్రమ్ములో పడేసేదాన్ని. 80 లీటర్లకు ఒక్కో సీసా రెండు డిగ్రీలు దించుతుంది. చేపల తొట్టికి వాడే గాలి పంపు పెట్టి, గాలి బుడగలు వదిలే దాని రాయిని డ్రమ్ము అడుగున వదిలాను. పది రోజులకు కత్తిరించిన చోటు పక్కనుంచి తెల్లని కొత్త వేర్లు, సూది మొనల్లా, పొడుచుకొచ్చాయి. బాపుకు ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

మీది పైపుల పద్ధతి కాకుండా, వేర్లు తొట్టి నీళ్లలోనే వేలాడే తొట్టి పద్ధతి అయితే నీటి మట్టాన్ని బుట్ట అడుగుకు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించండి. పై వేర్లకు గాలి తగలాలి. బాపు చెప్పిన బోదె లెక్కే. మూతల సందుల్లోంచి వెలుతురు పడి నీళ్లు పచ్చబడకుండా చూసుకోండి, ఆ పాచి చచ్చి కుళ్లితే జబ్బుకు మేత.

కిట్లు అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. ఒక్కరోజు శిక్షణకు డబ్బు కట్టి పోయాను. లాభాలు చెప్పారు, మట్టి అంటదని చెప్పారు, చలికాలం తీసిన ఫోటోలు చూపించారు. మే నెలలో నీళ్ల వేడి ఎంత ఉంటుందని ఒక్కరూ నోరెత్తలేదు. కరెంటు పోతే ఏం చేయాలో చెప్పలేదు. సన్నని నీటి పొర మీద బతికే వేర్లకు ఈ ఎండలో మోటారు గంటసేపు ఆగితే చాలు, పని అయిపోతుంది. మా ఇంట్లో ఇన్వర్టర్‌కు ఫ్యాను కన్నా ముందు మోటారు, గాలి పంపు కలిపాను. తెలంగాణలో ఈ సాగు నేర్పేవాళ్లు మొదటి పాఠం వేసవి గురించే చెప్పాలి.

ఇంకో మాట. గదిలో నీళ్ల సాగు, వేరుకుళ్లు అని నెట్‌లో వెతికితే దొరికేదాంట్లో గంజాయి పెంచేవాళ్ల అనుభవాలు చాలా ఉంటాయి. కెనడాలో 2018 నుంచి అది చట్టబద్ధం, అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాల్లో అంతే. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచడం నేరం, పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దాని జోలికి పోకండి. వాళ్లు జబ్బు గురించి రాసింది తప్పు కాదు, ఆ మొక్క వేరుకు పట్టేది కూడా ఇదే పిథియం. కానీ వాళ్లు ఏసీ గదుల్లో, చిల్లర్లు (నీళ్లు చల్లబరిచే యంత్రాలు) పెట్టి, నీళ్లను 18, 20 డిగ్రీల దగ్గర ఉంచుకొని మాట్లాడతారు. నీళ్లు అప్పటికే చల్లగా ఉన్నవాళ్ల సలహా అది. దాంట్లోంచి సీసా పేరు మాత్రం తీసుకుంటే మన మొక్కలు బతకవు. మొదటి ఏడు నేను అట్లాగే చదివి నమ్మాను.

బోరు నీళ్లు వాడుతుంటే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా చూసుకోండి. మా బోరు నీళ్లకు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలో పీహెచ్ రోజూ పైకి పాకుతుంది, ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య ఉంచకపోతే ఇనుము అందక లేత ఆకులు పసుపు తిరుగుతాయి. దాన్ని వేరుకుళ్లు అనుకొని మందులు పోసేవాళ్లను చూశాను. లేతాకు పసుపైతే పీహెచ్ చూడండి. నీళ్లుండగా మధ్యాహ్నం మొక్క వాలి సాయంత్రానికి లేస్తుంటే వేరు తీసి చూడండి.

ఇప్పుడు నేను ఏప్రిల్ రెండో వారానికే లెట్యూస్ ఆపేస్తున్నాను. అవే పైపుల్లో తోటకూర, బచ్చలి వేస్తాను, వేడికి అవి బాగా ఓర్చుకుంటాయి. మళ్లీ లెట్యూస్ గింజలు దసరా దాటాకే. మీ ట్యాంకు ఎన్ని లీటర్లు, మూడింటికి నీళ్లు ఎన్ని డిగ్రీలు ఉన్నాయి, వేరు తొక్క ఊడుతోందా లేదా, ఈ మూడూ రాయండి. ఏ మొక్కలు ఉంచాలో, ఏవి పీకాలో చెప్తాను.