షికాగో వెళ్తున్న మేనకోడలికి

చి. సుధకి,

మావయ్య ఆశీస్సులు. నీకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ వచ్చిందని, షికాగో యూనివర్సిటీకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక నేనే లేచి మీ అత్తయ్యకి కాఫీ కలిపిచ్చాను. నా సంతోషం ఎంతో నువ్వే లెక్కేసుకో.

జె-1 వీసాకి కావలసిన డీఎస్-2019 ఫారం రాగానే అందులో పేరు పాస్‌పోర్టుతో సరిచూసుకో. ఫుల్‌బ్రైట్ మీద ఆ వీసాతో వెళ్లినవాళ్లు తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలన్న షరతు మీ నాన్నకి ముందే చెప్పెయ్, లేకపోతే అమెరికా సంబంధాలు వెతుకుతాడు. ప్రొఫెసర్ పిలుస్తాడని కూర్చోకు, నువ్వే వెళ్లి తలుపు కొట్టు.

ఇక అసలు సంగతి, మీ యూనివర్సిటీలోని రెగెన్‌స్టీన్ లైబ్రరీ. నా చిన్నప్పుడు క్యూలో నిలబడి తెచ్చుకున్న పీఎల్-480 గోధుమలకి, అంటే ఆ పేరున్న చట్టం కింద అమెరికా పంపిన గోధుమలకి, మన ప్రభుత్వం రూపాయల్లో కట్టింది. ఆ రూపాయల్లో కొన్నిటితో 1962 నుంచి మన పుస్తకాలు, పత్రికలు కొని అమెరికా లైబ్రరీలకి పంపారు. మన ఊళ్లో చెదలు తినేసినవి అక్కడ అట్ట నలగకుండా ఉన్నాయి.

1988లో అక్కడికెళ్లి వాటిని చూసి నాకు పూనకం వచ్చింది. పొద్దుట్నుంచి నాణేలు వేయడం, జిరాక్స్ తీయడం. వ్యాసం ఉన్న పేజీలే తీశాను. అట్ట, నెల, సంచిక ఉన్న పేజీకి డబ్బులు దండగ అనుకున్నాను. గుర్తుంటుందిలే అని ధీమా. ఇంటికొచ్చి పెట్టె విప్పితే నాలుగొందల కాగితాలు, ఏది ఎందులోదో తెలియదు. మా గైడ్ ఒకటి తీసి "ఇదెక్కడిదయ్యా?" అన్నారు. "షికాగోదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. తేదీల కోసం రెండేళ్లు ఊళ్లు తిరిగి, చివరికి థీసిస్‌లోంచి ఆ అధ్యాయమే తీసేశాను.

ఫోన్ ఉందిగా మావయ్యా అంటావు. ఫొటోలు ఇంకా తొందరగా కలిసిపోతాయే పిల్లా! ముందు అట్ట, తర్వాత లోపలి పేజీ, ఆ తర్వాతే వ్యాసం. పేర్లు పెట్టకుండా పడుకున్నావని తెలిస్తే ఊరుకోను.

ఆ పెట్టె ఇంకా అటక మీదే ఉంది. నిన్న దింపి, ముప్పై పేజీలు ఫొటోలు తీయించి నీకు పంపమన్నాను. ఖాళీ దొరికితే అవి ఏ సంచికలోవో చూడమ్మా. దొరక్కపోతే వదిలెయ్. వేళకి అన్నం తిను.

మీ మావయ్య