ఘంటసాల భగవద్గీత ఇంట్లో వినకూడదా?

అమలాపురం వైపు మా ఊళ్లలో ఇది అందరికీ ఉన్న సందేహమే. పొద్దున్నే ఘంటసాల గీత పెడితే పెద్దవాళ్లు 'అశుభం, ఆపు' అంటారు. కాలవగట్టు మీద మైకులో ఆ గొంతు వినిపిస్తే 'ఎవరు పోయారు?' అని అడుగుతారు. ఆ అలవాటుకి శాస్త్రం ఏమీ లేదండి. చావు ఇంట్లో చదివేది గరుడ పురాణం. గీత చెప్పింది బతికున్న మనిషికి, ధైర్యం జారిపోయి విల్లు కింద పెట్టినవాడికి.

మరి గీత చావు ఇంటికి ఎలా చేరింది? 2వ అధ్యాయంలో పుట్టినవాడికి చావు తప్పదనే శ్లోకం ఉంది, దుఃఖంలో ఉన్నవాళ్లకి అది ఊరట. పైగా ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయాక ఈ రికార్డు బయటికొచ్చింది. జనం మనసులో రెండూ కలిసిపోయి ఉంటాయని నా అభిప్రాయం.

700 శ్లోకాల్లో కొన్నే ఎంచుకుని, స్వరపరిచి పాడారాయన. నాకు ప్రాణం మాత్రం తాత్పర్యాలే. రాగం ముగించి, పక్కన కూర్చున్న పెద్దాయనలా నింపాదిగా అర్థం చెబుతారు. ఏ మాటా మింగరు, ఒత్తులన్నీ స్పష్టంగా పలుకుతాయి. 11వ అధ్యాయంలో విశ్వరూపం దగ్గర అదే గొంతు ఎంత పైకి లేస్తుందో!

ఇంట్లో ఒప్పుకోకపోతే 15వ అధ్యాయంలోని 'అహం వైశ్వానరో' వినిపించండి. అన్నం అరిగించే జఠరాగ్నిని నేనే అని కృష్ణుడు చెప్పే శ్లోకం అది, చాలామంది భోజనానికి ముందు చదువుకుంటారు కూడా.