తాళం వేసి ఉందని పేరు కొట్టేయకు

ఒంగోలు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జాబితాలో కథలు కనిపించడం లేదని, అవి పోయాయేమోనని రాశావు. ముందుగా ఒక మాట, కథలు ఎక్కడికీ పోలేదు. నువ్వు రాసుకునే ఎడిటర్ ఈమాక్స్ చూపించే ఇటీవలి ఫైళ్ళ జాబితాలో ఉండేవి చిరునామాలు మాత్రమే. రాసినదంతా కనిగిరిలో, మీ ఇంటి కంప్యూటర్‌లోనే ఉంది.

నెల్లూరు గదిలో ఎడిటర్ తెరవగానే చాలాసేపు కదలకపోవడం, ఆ తర్వాత జాబితాలో కథలు మాయం కావడం... ఈ రెండింటికీ కారణం ఒకటే. నువ్వు పంపిన సెట్టింగుల ఫైలు వరుసవరుసగా చదివాను. ఆ జాబితాను నడిపే భాగం పేరు రీసెంట్ఎఫ్. అందులో ‘రీసెంట్ఎఫ్-కీప్’ అన్న చోట ‘ఫైల్-రీడబుల్-పి’ అని ఉంది. ఎక్కడి నుంచో తెచ్చి పెట్టుకున్నట్టున్నావు. ‘చదవడానికి వీలైన ఫైలునే జాబితాలో ఉంచు’ అని దాని అర్థం. అందుకని ఎడిటర్ లేవగానే ‘ఎస్ఎస్‌హెచ్’తో మొదలయ్యే, అంటే దూరపు కంప్యూటర్‌లో ఉన్న, ప్రతి చిరునామాకూ వెళ్ళి తలుపు తడుతుంది. కనిగిరిలో కరెంటు లేకపోతే జవాబు రాదు. ఎదురుచూసి, చివరికి ఆ పేరు తీసేస్తుంది.

మీ వైపు పనుల కోసం వలస వెళ్ళిన వాళ్ళ ఇళ్ళు ఎన్ని తాళాలతో ఉంటాయో నీకు తెలుసు. తాళం చూసి ఆ ఇంటివాళ్ళ పేరు ఊరి జాబితాలోంచి కొట్టేస్తే ఎంత అన్యాయం! ఇక్కడ జరుగుతున్నది అదే.

ఆ వరుస తీసేయి. ఈమాక్స్‌లో మొదటి నుంచి ఉన్న పద్ధతే మంచిది. దూరపు కంప్యూటర్‌తో అప్పటికి సంబంధం కలవకపోతే, ఆ ఫైలును పరీక్షించకుండా అలాగే ఉంచుతుంది. ఇంకా భయంగా ఉంటే, జాబితాను దానంతట అదే శుభ్రం చేసే ‘రీసెంట్ఎఫ్-ఆటో-క్లీనప్’కు ‘నెవర్’ అని పెట్టు. అది రీసెంట్ఎఫ్‌ను మొదలుపెట్టే వరుసకు పైన ఉండాలి, కింద ఉంటే శుభ్రం చేయడం అప్పటికే అయిపోతుంది. పనికిరాని పేర్లను కనిగిరి వెళ్ళినప్పుడు ‘రీసెంట్ఎఫ్-క్లీనప్’తో నువ్వే తీసుకో.

దూరపు ఫైళ్ళను జాబితాలోకే రానివ్వవద్దని కొందరు చెబుతారు. ఆఫీసు పనికి అది సరిపోతుందేమో. రచన మొత్తం దూరపు యంత్రంలో ఉన్న నీకు మాత్రం ఆ సలహా వద్దు. సగంలో ఆగిన కథ రోజూ కంటి ముందు కనిపిస్తుండాలి. అందుకే జాబితాలో ఎన్ని పేర్లు దాచాలో చెప్పే ‘రీసెంట్ఎఫ్-మాక్స్-సేవ్డ్-ఐటమ్స్’ను 20 నుంచి 200కు పెంచమంటాను.

జాబితా డిస్కు మీదకు చేరేది మామూలుగా ఎడిటర్ మూసినప్పుడే. కరెంటు పోయి నేను ఒక రోజు జాబితా మొత్తం పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనానికి లేచే ముందు జాబితాను అప్పటికప్పుడు దాచే ‘రీసెంట్ఎఫ్-సేవ్-లిస్ట్’ నడపడం అలవాటు చేసుకున్నాను.

పోయిన పేర్లు తిరిగి రావాలంటే ఒక్కో ఫైలునూ మళ్ళీ తెరిస్తే చాలు. ఉప్పు మడుల కథ ముందు తెరువు. అందులో ముసలామె గట్టు మీద కూర్చుని పాదాల పగుళ్ళలోంచి ఉప్పు దులుపుకునే చోట ఆపేశావు. ఆ తర్వాత ఏమైందో నాకు చదవాలని ఉంది.

ప్రేమతో,
మీ మాస్టారు